46 ఏళ్ల జిసెల్

పోయిన శనివారం రాత్రి పదిన్నరకి మొదలుపెట్టి ఒంటిగంట దాకా ఒకే సినిమా చూస్తూ కూర్చున్నాను, మధ్యలో కనీసం పదిసార్లు వెనక్కి తిప్పుకుంటూ. సినిమా అంటే మామూలు సినిమా కాదు, బాలే (మాటల్లేకుండా నాట్యంతోనే కథ చెప్పే పాశ్చాత్య నృత్యం) రికార్డింగ్. మాస్కో బొల్షోయ్ బృందం 1956లో మొదటిసారి లండన్ వెళ్లినప్పుడు పాల్ త్సిన్నర్ అనే దర్శకుడు ఒకేసారి చాలా కెమెరాలు పెట్టి వాళ్ల నాట్యాన్ని పట్టాడు. 1957లో అది థియేటర్లలో విడుదలయింది. అందులో చిన్న చిన్న అంశాలు కూడా ఉన్నాయి కానీ అసలు విషయం మాత్రం 'జిసెల్'. జిసెల్‌గా చేసింది గలీనా ఉలానోవా.

ఇది నేను చూడటం మూడోసారి. మొదటిసారి నాకు పెద్దగా ఎక్కలేదు, ఎందుకంటే కథ కోసం చూశాను. ఇప్పుడేం జరుగుతుంది, తర్వాతేం జరుగుతుంది అని ఎదురుచూస్తూ కూర్చుంటే బాలేలో అస్సలు ఏమీ జరగనట్టే ఉంటుంది, ఒక అమ్మాయి వచ్చి రెండు నిమిషాలు డ్యాన్స్ చేసి వెళ్తుంది, కథ అక్కడే ఉంటుంది. రెండోసారి కథ వదిలేసి పాదాలు చూశాను. అప్పుడు పట్టుకుంది. ఈ మూడోసారి ముఖం చూశాను, దాని గురించే ఈ పోస్టు.

కథ తెలియనివాళ్ల కోసం గబగబా చెప్పేస్తాను. జిసెల్ పల్లెటూరి పిల్ల, గుండె బలహీనం, డ్యాన్స్ అంటే ప్రాణం. ఆల్బ్రెక్ట్ అనే రాచకుటుంబం కుర్రాడు పల్లెటూరివాడిలా వేషం మార్చుకుని వచ్చి ఆమెను ప్రేమిస్తాడు, అతనికి అప్పటికే ఇంకో అమ్మాయితో పెళ్లి కుదిరి ఉంది. జిసెల్ మీద మనసు పడ్డ అడవి కాపలాదారు హిలారియన్ (బొల్షోయ్ వాళ్లు హాన్స్ అంటారు) ఆల్బ్రెక్ట్ దాచుకున్న కత్తిని తెచ్చి అందరి ముందూ గుట్టు బయటపెడతాడు. ఆమెకి మతి చలించి అక్కడే చనిపోతుంది. రెండో అంకం రాత్రిపూట అడవిలో, ఆమె సమాధి దగ్గర. పెళ్లి కాకుండానే చనిపోయిన అమ్మాయిల ఆత్మలు, విలీలు అంటారు, వాళ్ల రాణి మిర్తా. దొరికిన మగవాణ్ణి ప్రాణం పోయేదాకా ఆడిస్తారు. హిలారియన్ అలాగే పోతాడు. ఆల్బ్రెక్ట్ వంతు వచ్చేసరికి జిసెల్ అడ్డం నిలబడుతుంది, అతనితోపాటు తనూ ఆడుతూ తెల్లవారేదాకా అతన్ని నిలబెడుతుంది. గంట మోగుతుంది, ఆమె సమాధిలోకి వెళ్లిపోతుంది.

నేను చూస్తుండగా మా అక్క కూతురు వచ్చి పక్కన కూర్చుంది. పదకొండేళ్లు, సెలవులకి వచ్చింది, నిద్ర పట్టలేదట. అప్పుడు మొదటి అంకం మొదట్లో ఉన్నాం. ఆల్బ్రెక్ట్ తలుపు కొట్టి దాక్కుంటాడు, తలుపు తెరుచుకుని జిసెల్ బయటికి పరిగెత్తుకొస్తుంది, ఎవరూ కనిపించరు, అయినా ఆ సంతోషం ఆపుకోలేక అక్కడే చుట్టూ తిరుగుతూ ఆడేస్తుంది.

"పిన్నీ, ఈ అక్కకి ఎన్నేళ్లు?"

"నువ్వే చెప్పు."

"పదహారు? పద్దెనిమిది?"

"నలభై ఆరు."

"కాదు!"

"నిజంగానే. ఆవిడ పుట్టింది 1910లో, ఇది తీసింది 1956లో. పక్కన ఆ అబ్బాయి ఉన్నాడు చూడు, అతనికి ఇరవై మూడు."

అది లేచి వెళ్లి టీవీకి దగ్గరగా నిలబడింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మొహం చూస్తే తెలుస్తోంది పిన్నీ, పరిగెడుతుంటే మాత్రం తెలియట్లేదు" అంది.

ఆ అబ్బాయి నికొలాయ్ ఫదేయెచెవ్. సరిగ్గా ఆవిడ వయసులో సగం. థియేటర్లో పై అంతస్తులో కూర్చున్నవాళ్లకి ఈ తేడా కనిపించే అవకాశమే లేదు, అంత దూరానికి ముఖం అంటే ఒక తెల్లటి చుక్క. కెమెరా దగ్గరికి వెళ్తే కళ్ల దగ్గర గీతలు, నోటి పక్కన మడత కనిపిస్తాయి. ఇలాంటి క్లోజప్పులు నాట్యాన్ని చెడగొడతాయని చాలామంది అంటారు, నేనూ మొన్నటి దాకా అదే అనుకున్నాను. ఈ ఒక్క రికార్డింగ్‌లో మాత్రం అది తలకిందులయింది. ముఖం నలభై ఆరు అని చెప్తూనే ఉంటుంది, ఒళ్లు పదహారు అని చెప్తూనే ఉంటుంది, రెండూ ఒకే ఫ్రేములో. చూసేవాళ్లు ముఖాన్ని వదిలేసి ఒంటినే నమ్ముతారు. ఆ నమ్మకం ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవాలనే నేను అన్నిసార్లు వెనక్కి తిప్పింది.

నాకు అర్థమైనంత వరకు అది పరుగులో ఉంది. ఉలానోవా పరుగుకి మామూలుగానే పేరు, ప్రొకోఫియెవ్ సంగీతం కట్టిన 'రోమియో జూలియట్' బాలేలో జూలియట్ పై వస్త్రం వెనక ఎగురుతుండగా ఫ్రయర్ (క్రైస్తవ సన్యాసి) దగ్గరికి పరిగెత్తే చోటు చూసినవాళ్లు జన్మలో మర్చిపోరు. జిసెల్‌లోనూ అంతే. ముందు చూపు వెళ్తుంది, దాని వెనక మెడ, ఆ తర్వాతే ఒళ్లు. పాదాలు ఎక్కడ పడుతున్నాయో ఆమె ఆలోచించట్లేదనిపిస్తుంది, నిజానికి బాలేలో నడక కూడా ఏళ్ల తరబడి నేర్పిస్తారు, తుంటి దగ్గరినుంచి కాళ్లు బయటికి తిప్పి, మునివేళ్లు ముందు ఆనించి నడవాలి. అదంతా ఉండి, అదేమీ లేనట్టు పరిగెత్తడం అంటే మాటలు కాదు.

ఇక్కడ కొంచెం పాత సంగతి చెప్పాలి, ఎందుకంటే రికార్డింగ్ విలువ అది తెలిస్తేనే అర్థమవుతుంది. 'జిసెల్' మొదటిసారి ఆడింది 1841 జూన్ 28న, పారిస్ ఒపేరాలో. సంగీతం అడాల్ఫ్ ఆడమ్, నాట్యం కూర్చినవాళ్లు జాన్ కొరాలీ, జూల్ పెరో. కథ రాసినవాళ్లలో కవి తెయోఫీల్ గోతియే ఒకడు. జిసెల్‌గా కార్లోటా గ్రీసీ, అప్పటికి ఆమెకి 22 ఏళ్లు. మునివేళ్ల మీద లేవడానికి వేసుకునే పాయింట్ షూస్ అప్పట్లో ఇప్పటిలా గట్టివి కావు, మెత్తటి శాటిన్ చెప్పులకి మునివేళ్ల దగ్గర దారంతో కుట్లు వేసుకుని లేచేవాళ్లు. 1868 తర్వాత పారిస్‌లో ఈ బాలే ఆగిపోయింది. బతికించింది రష్యావాళ్లు, ముఖ్యంగా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నాట్యాలు కూర్చిన మారియుస్ పెటిపా. 1910లో డయాగిలెవ్ నడిపిన రష్యన్ బాలే బృందం దాన్ని మళ్లీ పారిస్ తీసుకెళ్లింది, జిసెల్‌గా కర్సావినా, ఆల్బ్రెక్ట్‌గా నిజిన్‌స్కీ. అంత పేరున్న నిజిన్‌స్కీ డ్యాన్స్ చేస్తుండగా తీసిన ఫిల్ము మన దగ్గర ఒక్క అడుగు కూడా లేదు. ఫొటోలు ఉన్నాయి, చూసినవాళ్లు రాసినవి ఉన్నాయి, అంతే. గాల్లోకి లేచి ఆగిపోయేవాడట. ఆ 'ట' దగ్గరే మనం ఆగిపోవాలి.

అదే కాలం రష్యన్ డ్యాన్సర్ ఆనా పావ్లోవా విషయంలో కాస్త నయం. ఆవిడ చేసిన 'చనిపోయే హంస' కొద్ది నిమిషాలు ఫిల్ము మీద ఉంది, 1920ల్లో తీసింది. కానీ మూకీ కాలం ఫిల్ముకీ ఆ తర్వాతి ఫిల్ముకీ వేగం ఒకటి కాదు, అలాగే ఆడిస్తే మనిషి కుదుపులతో గబగబా కదులుతుంది, హంస కాస్తా పిచ్చుక అయిపోతుంది. వేగం సరిచేసిన ప్రింట్ చూసినప్పుడే నాకు ఆవిడ చేతులంటే ఏమిటో తెలిసింది. 1957 సినిమాలో ఉలానోవా కూడా అదే హంస చేసింది, వీలైతే రెండూ ఒకదాని తర్వాత ఒకటి చూడండి.

సరే, కెమెరా సంగతి. బాలే రికార్డింగులు నేను ఇప్పటికి ఓ ముప్పై దాకా చూసి ఉంటాను. నా బాధంతా ఒకటే, పాదాలు కోసేస్తారు. డ్యాన్సర్ కష్టమైన పని పాదాలతో చేస్తుంటే కెమెరా నడుము పైన చూపిస్తుంది. రెండో అంకం మొదట్లో మిర్తా వస్తుంది కదా, అక్కడ ఆమె చేసేదాన్ని బుర్రే అంటారు. రెండు కాళ్ల మునివేళ్ల మీద లేచి, పాదాలు దగ్గరగా పెట్టి, కంటికి అందనంత చిన్న చిన్న అడుగులు వేస్తూ స్టేజీ ఈ మూల నుంచి ఆ మూలకి జారిపోతుంది. నడుము పైన అస్సలు కదలిక ఉండదు, ముసుగు కూడా కదలదు. ఆ పాదాల హడావిడి, పైన ఆ నిశ్చలం, రెండూ కలిసి కనిపిస్తేనే ఒళ్లు గగుర్పొడుస్తుంది. పాదాలు తీసేస్తే ఎవరో ఆమెని చక్రాల బల్ల మీద నిలబెట్టి తోస్తున్నట్టుంటుంది, అందులో ఏముంది? ఫ్రెడ్ ఆస్టేర్ తన సినిమాల్లో తల నుంచి పాదం దాకా ఫ్రేములో ఉండాలని పట్టుబట్టేవాడు. డ్యాన్స్ చేసేవాడు కాబట్టి ఆయనకి తెలుసు.

రెండోది, గెంతు మధ్యలో కట్ చేయడం. గెంతు అంటే గాల్లో ఉన్న క్షణం ఒక్కటే కాదు, దానికి ముందు మోకాళ్లు వంచడం, నేలని తన్నడం, పైన కాళ్లు విప్పడం, మళ్లీ మెత్తగా దిగడం, అన్నీ కలిపి ఒక ఊపిరి. గ్రాండ్ జెటే అనే పెద్ద గెంతులో డ్యాన్సర్ గాల్లో తేలినట్టు కనిపిస్తుంది, అందులో మాయేమీ లేదు. ఒళ్లు విసిరిన రాయిలాగే పైకి వెళ్లి కిందికి వస్తుంది, కాకపోతే పైకి చేరేసరికి కాళ్లు, చేతులు ఎత్తేస్తారు, బరువంతా పైకి జరుగుతుంది, దాంతో తల మాత్రం కాసేపు ఒకే ఎత్తులో ఉండిపోతుంది. మన కన్ను చూసేది తలనే. ఒక ఫ్రేము తర్వాత ఒక ఫ్రేము నొక్కుతూ చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది, తల గీత గీసినట్టు నేరుగా వెళ్తుంది. కట్ పడితే ఇదంతా పోతుంది, పైన ఉన్నప్పుడు ఒక కోణం, దిగేటప్పుడు ఇంకో కోణం, ఆమె ఎంతసేపు ఉందో మనకి లెక్క అందదు.

ఆల్బ్రెక్ట్ రెండో అంకంలో మిర్తా ఎదుట ఆడే చోటు కూడా అంతే. కొందరు బ్రిజే అనే అడుగులతో మూలగా మిర్తా వైపు దూసుకెళ్తారు, కొందరు ఉన్నచోటే నిట్టనిలువుగా గెంతుతూ గాల్లో కాళ్లు అటూ ఇటూ మారుస్తారు, దాన్ని ఆంత్రషా అంటారు. గాల్లో ఉండేది అర సెకను, ఇంకాస్త ఎక్కువ. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన పన్నెండో పదిహేనో ఫ్రేములు. అంతలో కాళ్లు మూడుసార్లు మారతాయి. పాజ్ చేస్తే పాదాల చోట మసక తప్ప ఏమీ ఉండదు. అదీ ఒకసారి కాదు, ముప్పై దాకా వరసగా చేసేవాళ్లున్నారు. ఇతన్ని ఆడించి చంపుతున్నారు అనే కథ అక్కడ కథగా మిగలదు, ఆ మనిషి ఛాతీ నిజంగానే ఎగిరెగిరి పడుతుంటుంది.

విలీల గుంపు వచ్చినప్పుడు మా పిల్ల ఇంకో ప్రశ్న వేసింది. "వెనక ఉన్నవాళ్లు ఎందుకు కదలట్లేదు? వాళ్లకి డ్యాన్స్ లేదా?"

కదలకపోవడమే వాళ్ల డ్యాన్స్ అని చెప్పాను. కోర్ ద బాలే అంటారు ఆ గుంపుని, ఇరవైకి పైగా అమ్మాయిలు. ముందు హీరోయిన్ ఆడుతున్నంతసేపూ ఒక కాలు మీద బరువు వేసి, చేతులు ముందుకి కట్టి, మెడ వంచి నిలబడాలి. రెండు నిమిషాలు అలా నిలబడి చూడమన్నాను, నిలబడింది, నిమిషం కాకముందే పిక్క పట్టేసిందని కూర్చుంది. వాళ్లు అలా బిగుసుకుపోయిన కాళ్లతోనే వెంటనే ఆ ప్రసిద్ధమైన దాటుడుకి వెళ్లాలి. రెండు వరసలు ఎదురెదురుగా, ఒక కాలు వెనక్కి ఎత్తి అరబెస్క్‌లో ఉండి, రెండో కాలు మీద చిన్నగా గెంతుతూ ఒకళ్ల మధ్యలోంచి ఒకళ్లు దాటిపోతారు. ఇది దూరం నుంచే చూడాలి. ఇక్కడ ఏ ముఖాన్ని దగ్గరగా చూపించినా తప్పే, ఎందుకంటే అక్కడ ముఖాలు లేవు, వాళ్లు చనిపోయినవాళ్లు, అందరూ ఒకటే. కెమెరా పైనుంచి, దూరంగా ఉంటే ఆ వరసలు ఒకదాంట్లో ఒకటి కలిసి విడిపోవడం నీటి మీద రెండు అలలు దాటుకున్నట్టు ఉంటుంది. లైవ్‌గా రికార్డు చేసిన కొన్నింటిలో అప్పుడు చప్పుడు కూడా వినిపిస్తుంది, ఇరవై జతల పాయింట్ షూస్ చెక్క మీద ఒకేసారి దిగే చప్పుడు. గుడ్డ పొరలు, జిగురు కలిపి గట్టిపరిచిన ముక్కు అది, చెక్కకి తగిలితే చప్పుడు రాక ఏం చేస్తుంది. ఆత్మల కాళ్ల చప్పుడు వినిపించడం కొందరికి నచ్చదు. నాకు చాలా ఇష్టం, వాళ్లకి బరువుందని, ఆ బరువుని దాచడానికి అంత కష్టపడుతున్నారని అది గుర్తుచేస్తుంది.

మళ్లీ ఉలానోవా దగ్గరికి వస్తాను. మొదటి అంకంలో పువ్వు సీను ఉంది. జిసెల్ ఒక పువ్వు రేకులు ఒక్కొక్కటీ తుంచుతూ ప్రేమిస్తున్నాడు, ప్రేమించట్లేదు అని లెక్కపెడుతుంది. చివర్లో ఏం రాబోతోందో ముందే చూసుకుని ముఖం వాడిపోతుంది, పువ్వు వదిలేస్తుంది. ఆల్బ్రెక్ట్ ఆ పువ్వు తీసి చాటుగా ఒక రేకు తుంచేసి, చూడు, ప్రేమిస్తున్నాడనే వచ్చింది అని చూపిస్తాడు. మన కళ్ల ముందు అతను ఆమెకి చేసే మోసం అది, అంత చిన్నది, ఒక్క రేకు. పెద్ద థియేటర్లో వెనక వరసలవాళ్లకి ఆ రేకు కనిపించదు. ఇలాంటి చోట కెమెరా దగ్గరికి వెళ్తే నేను చేతులెత్తి దండం పెడతాను.

అంకం చివర్లో మతి చలించాక ఆ పువ్వు మళ్లీ వస్తుంది. ఈసారి చేతిలో పువ్వు లేదు. జుట్టు విడిపోయి ఉంటుంది, చుట్టూ జనం ఉన్నారు, ఆమె ఎవరినీ చూడదు. ఖాళీ వేళ్లతో గాల్లోంచి రేకులు తుంచడం మొదలుపెడుతుంది. ఆడమ్ కూడా తెలివైనవాడు, ముందు ఆ ఇద్దరూ సంతోషంగా ఉన్నప్పుడు వినిపించిన సంగీతమే ఇక్కడ ముక్కలు ముక్కలుగా తిరిగి వస్తుంది. ఆ తర్వాత అతనితో కలిసి వేసిన అడుగులు గుర్తొచ్చి వేయబోతుంది, సగంలో మర్చిపోతుంది. కత్తి దొరికితే దాని కొనతో నేల మీద వంకర గీత గీస్తూ తిరుగుతుంది.

ఈ సీనులో చాలామంది కళ్లు పెద్దవి చేసి, జుట్టు పీక్కుని, అరిచినంత పని చేస్తారు. ఉలానోవా దాదాపు ఏమీ చేయదు. ముఖం ఖాళీ అయిపోతుంది, అంతే. ఎవరో పిలిస్తే వినబడిందా లేదా అన్నట్టు తల కొంచెం తిరుగుతుంది. ఆ ఖాళీ ముఖంలో ఇందాక మా పిల్ల చూసిన గీతలన్నీ ఒక్కసారిగా బయటికి వస్తాయి, ఇంతసేపూ ఒళ్లు దాచిపెట్టిన నలభై ఆరేళ్లూ ఆ క్షణంలో జిసెల్‌కి వచ్చేస్తాయి. పదహారేళ్ల పిల్ల పది నిమిషాల్లో ముసలిదైపోయినట్టు ఉంటుంది. ఇది ఆవిడ అనుకుని చేసిందో లేదో నాకు అనవసరం, కెమెరా అక్కడ ఉంది కాబట్టి నాకు కనిపించింది. థియేటర్లో మంచి సీటులో కూర్చున్నవాళ్లకి కూడా ఇది ఇంత దగ్గరగా కనిపించి ఉండదు.

స్టేజీని పట్టడం వేరు, బాలేని సినిమాగా తీయడం వేరు. ఉలానోవా జూలియట్‌గా చేసిన 1955 సోవియట్ సినిమా రెండో రకం, సెట్లు వేసి, వీధులూ గోడలూ చూపించి తీశారు. అందంగా ఉంటుంది, కాదనను. కానీ స్టేజీ అంచు కనిపించకపోతే నాకు ఏదో తక్కువైనట్టు ఉంటుంది, ఆమె ఆ హద్దులో ఎంత దూరం ఎగిరిందో కొలుచుకోవడానికి ఏమీ ఉండదు. త్సిన్నరే 1966లో మాక్‌మిలన్ నాట్యం కూర్చిన 'రోమియో జూలియట్' కూడా తీశాడు, మార్గో ఫాంటేన్, రుడాల్ఫ్ నురేయెవ్‌లతో. ఆమె పుట్టింది 1919లో, అతను 1938లో. మళ్లీ అదే లెక్క, వయసులో పెద్దావిడ చిన్నపిల్లగా, పక్కన కుర్రాడు. నిజానికి మాక్‌మిలన్ ఆ జూలియట్‌ని లిన్ సీమోర్ అనే డ్యాన్సర్ కోసం కూర్చాడు, మొదటి ప్రదర్శన మాత్రం ఫాంటేన్‌కి వెళ్లింది, ఫిల్ము మీదా ఆవిడే మిగిలింది. ఫాంటేన్ అంటే నాకు గౌరవం, కానీ ఆ సినిమా చూసిన ప్రతిసారీ లేని సీమోర్ గుర్తొచ్చి మనసు కలుక్కుమంటుంది.

పన్నెండున్నరకి రెండో అంకం అయిపోయింది. తెల్లవారింది, జిసెల్ లేదు, ఆల్బ్రెక్ట్ ఒక్కడే మిగిలాడు. మా పిల్ల నిద్రపోలేదు. రిమోట్ తను తీసుకుని తలుపు తెరుచుకునే చోటుకి వెనక్కి తిప్పింది. ఇంకో అరగంట అక్కడే గడిచింది, ముఖం దగ్గర ఆపుతుంది, పరుగు దగ్గర వదులుతుంది, మళ్లీ ఆపుతుంది. "ఈవిడ తర్వాత ఏం చేసింది?" అని అడిగింది. స్టేజీ వదిలేశాక బొల్షోయ్‌లోనే చిన్నవాళ్లకి నేర్పింది, ఎకతెరీనా మాక్సిమోవా అనే అమ్మాయికి జిసెల్ నేర్పింది కూడా ఆవిడే, 1998లో పోయింది అని చెప్పాను.

"ఆ అమ్మాయిది ఉందా, వీడియో?"

ఉంది. ఈ శనివారానికి వెతికి పెట్టాను. మొత్తం చూస్తామో లేదో తెలియదు, తలుపు దగ్గరినుంచి ఆ పరుగు మాత్రం రెండూ పక్కపక్కన పెట్టి చూడబోతున్నాం.